ముసలికుక్కకు వచ్చింది జబ్బు

కుక్కకు పదేళ్లు దాటాక దానికి ఏమొచ్చినా మా కృష్ణా మెట్టలో తీర్పు ఒకటే. అర్ధరాత్రి లేచి గోడకేసి చూస్తూ అరిచిందా, వయసైపోయింది. ఇన్నేళ్లూ పెరట్లోకి వెళ్లొచ్చినది నట్టింట్లో తడిపిందా, వయసైపోయింది. పిలిస్తే పలకదు, తిన్న అరగంటకే మళ్లీ గిన్నె ముందు నిలబడుతుంది, రోజూ ఎత్తుకునే పిల్లవాణ్ణి చూసి గుర్రుమంటుంది. అన్నిటికీ ఆ ఒక్క మాటే జవాబు. జగ్గయ్యపేట బజారు ఇళ్లలో విన్నాను, నందిగామ చుట్టుపక్కల రైతుల లోగిళ్లలో విన్నాను, పశువుల ఆస్పత్రి వరండాలో కూడా విన్నాను. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆ కుక్కను కళ్లు తెరవని నాటి నుంచి పాలు పోసి పెంచినవాళ్లే, అది పోతే రెండు రోజులు అన్నం ముట్టనివాళ్లే. అయినా ఆ మాట తప్పు. తప్పని చెప్పడానికి కావలసిన సాక్ష్యం పాతికేళ్లుగా వైద్యుల దగ్గర ఉంది. మన దాకా రాలేదు, వచ్చినా చెవికెక్కలేదు. ఈలోగా నయమయ్యే జబ్బులతో కుక్కలు చచ్చిపోతున్నాయి. నయం కాని జబ్బు ఉన్నవి, తగ్గించగల బాధను కూడా మొత్తంగా పడుతున్నాయి.

ఆ వాదాన్ని దాని పూర్తి బలంతోనే చెప్పుకుందాం. పుట్టిన ప్రాణికి ముసలితనం తప్పదు. ఒళ్లు సడలినట్టే బుర్రా సడలుతుంది. దానికి మందు లేదు. ఉన్నా మన ఊళ్లో దొరకదు. దొరికినా, మనుషులకే దిక్కులేని చోట కుక్క మతిమరుపుకు డబ్బు పెట్టడం ఏం న్యాయం? తిన్నన్నాళ్లు తింటుంది, పోయేనాడు పోతుంది. ఇదీ వాదం. ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం. మిగతావన్నీ ఆ నిజం చాటున లోపలికి వచ్చినవి.

ఈ పొరపాటు కుక్కల దగ్గర మొదలవలేదు. మనుషుల వైద్యంలోనే డెబ్బై ఏళ్లు నడిచింది. 1906 నవంబరులో ఆలోయిస్ ఆల్జ్‌హైమర్ అనే జర్మన్ వైద్యుడు, యాభై దాటగానే మతి తప్పి కొన్నేళ్లకే చనిపోయిన ఒకామె మెదడులో తాను చూసిన మచ్చల గురించి, నరాల కణాల్లోని చిక్కుముడుల గురించి తోటి వైద్యులకు చెప్పాడు. తర్వాత ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. కానీ దాన్ని నడివయసులో ఎక్కడో ఒకరికి వచ్చే అరుదైన జబ్బుగానే లెక్కగట్టారు. ఎనభై ఏళ్ల ముసలమ్మకు అచ్చం అదే జరిగితే మాత్రం "వయసు" అని పక్కన పెట్టారు. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే అమెరికన్ నరాల వైద్యుడు ఆ గోడను పడగొట్టాడు. నడివయసు వాళ్లకు వచ్చేదీ ముసలివాళ్లకు వచ్చేదీ ఒకటే జబ్బనీ, దాన్ని ముసలితనం ఖాతాలో రాసి ఊరుకోవడం వల్ల ఒక పెద్ద వ్యాధి వైద్యుల కంటికి కనబడకుండా పోయిందనీ రాశాడు. ఆ తర్వాతే దాని మీద గట్టిగా పరిశోధన సాగింది. మన ఇళ్లలో అయితే ఆ మార్పు ఇంకా పూర్తి కాలేదు. దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, 7.4 శాతం మందికి, డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, ఉందని 2023లో వెలువడిన పెద్ద సర్వే అంచనా కట్టింది. వాళ్లలో ఎంతమందిని మనం చాదస్తమని విసుక్కుని ఒక మూల మంచానికి అప్పగించలేదు? మనుషుల విషయంలో ఆలస్యంగానైనా దిద్దుకుంటున్న తప్పును కుక్కల విషయంలో మొదటి నుంచీ చేసుకుంటూ పోనక్కరలేదు.

ఇక కుక్క మెదడు సంగతి. ఆల్జ్‌హైమర్ వ్యాధిలో మనిషి మెదడులో పేరుకునే అమైలాయిడ్ బీటా అనే ప్రోటీను కుక్క మెదడులోనూ వయసుతో పాటు పేరుకుంటుంది. దాని నిర్మాణం మనిషికీ కుక్కకూ ఒకటే. కాలిఫోర్నియాలోనూ టొరంటోలోనూ పరిశోధకులు 1990ల నుంచి ఈ పోలిక ఆధారంగానే ముసలి బీగిల్ కుక్కల జ్ఞాపకాన్ని పరీక్షిస్తూ వచ్చారు. ఆ ప్రోటీను మచ్చలు ఎక్కువ ఉన్న కుక్కలు నేర్చుకోవడంలో వెనకబడ్డాయి. అంటే గోడకేసి చూసి అరిచే కుక్క లోపల, సూక్ష్మదర్శిని కింద కనబడే మార్పు ఒకటి జరుగుతోంది.

"అన్ని ముసలికుక్కలకూ జరిగేదేగా" అంటారా? జరగదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పశువైద్యులు 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికీ, 15, 16 ఏళ్ల కుక్కల్లో 68 శాతానికీ ఈ మతి తప్పుదల లక్షణాల్లో కనీసం ఒకటి ఉంది. చాలామంది ఆ 68ని చూపించి, చూశారా ముసలితనమే అంటారు. నేను మిగిలిన 32ని చూడమంటాను. పదిహేనేళ్లు దాటిన కుక్కల్లో దాదాపు మూడో వంతుకు ఏ లోపమూ లేదు. వాటికి మాత్రం వయసు అయిపోలేదా? వయసే కారణమైతే ఏ ఒక్కటీ తప్పించుకోకూడదు. తప్పించుకున్నవి అన్ని ఉన్నాయంటే, వయసు ఆ జబ్బు రావడానికి వీలు కల్పిస్తుందే గాని, తానే ఆ జబ్బు కాదు. సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో చెప్పిన లెక్క ఇంకా బాధ పెడుతుంది. ఎనిమిదేళ్లు దాటిన కుక్కల్లో సుమారు 14 శాతానికి ఈ జబ్బు ఉంటుందని వాళ్లు అంచనా వేశారు. కానీ డాక్టరు చేత నిర్ధారణ అయినవి 2 శాతం కూడా లేవు. ఆస్పత్రికి, మందులకు కొదవలేని ఆస్ట్రేలియాలోనే ఏడింటికి ఒకటి చొప్పున బయటపడుతుంటే, కృష్ణా మెట్టలో ఎన్ని బయటపడతాయి?

మన దగ్గర ఈ సమస్య ఇప్పుడే ఎందుకు కనబడుతోందో కూడా చెప్పాలి. ఒకప్పుడు ఊరికుక్క అంతకాలం బతికేది కాదు. పార్వోకో, డిస్టెంపర్‌కో, లారీ చక్రాల కిందో నాలుగైదేళ్లకే పోయేది. తర్వాత టౌన్లలో మేడ మీద పెరిగే పమేరియన్లు వచ్చాయి, వాటి వెనకే ల్యాబ్రడార్లు వచ్చాయి. ఏటేటా టీకా, పూటపూటా వండిన అన్నం, గేటు లోపలి బతుకు. ఆ కుక్కలు పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతున్నాయి. మనమే వాటికి అంత ఆయుష్షు ఇచ్చాం. ఇచ్చిన ఆయుష్షులో చివరి రెండేళ్లు ఎలా గడుస్తాయో పట్టించుకోం అనడం ఎలా కుదురుతుంది?

జగ్గయ్యపేటలో నాకు బాగా తెలిసిన ఒక ఇల్లుంది. ఆ ఇంటి పమేరియన్‌కు పదమూడు దాటాయి. ఒక సాయంత్రం వరండాలో మాట్లాడుకుంటుంటే అది లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్లింది. తలుపు ఓరగా ఉంది. కుక్క మాత్రం తెరుచుకునే వైపు పోలేదు. బందులున్న వైపు పోయి, తలుపుకీ గోడకీ మధ్యనున్న సందులో ముక్కు పెట్టి నిలబడింది. కాసేపు చూసి ఇంకొంచెం లోపలికి దూరింది. అక్కణ్ణించి వెనక్కి రావడం దానికి తెలియలేదు. అరవలేదు, గీరలేదు. తల వంచుకుని అలాగే నిలబడింది. ఆ ఇంటావిడ వెళ్లి రెండు చేతులతో పట్టుకుని వెనక్కి తీసి, దాని ముఖం బయటి వైపు తిప్పింది. అప్పుడు నడిచింది.

"ఎన్నాళ్ల నుంచి పిన్నిగారూ?" అన్నాను.

"సంక్రాంతి ముందు నుంచి. పగలంతా పడుకుంటుంది, రాత్రి పదకొండు కొట్టగానే లేచి ఇల్లంతా తిరుగుతుంది నాయనా. గోళ్ల చప్పుడు టకటకా. మీ బాబాయిగారికి నిద్ర లేదు. మా అత్తగారికీ చివర్లో ఇలాగే అయింది. వయసు, ఏం చేస్తాం?"

ఆవిడకు జబ్బు పోల్చుకోవడం వచ్చు. అత్తగారితో సరిగ్గా పోల్చింది కూడా. రానిదల్లా, చేయగలిగింది ఉందన్న నమ్మకం. ఆ సాయంత్రం ఆవిడ చెప్పినవీ నేను చూసినవీ కలిపితే పశువైద్యులు ఈ జబ్బుకు రాసుకున్న జాబితా దాదాపు పూర్తవుతుంది. తెలిసిన చోటే దారి తప్పడం, మనుషులతో తీరు మారడం, రాత్రీ పగలూ తారుమారవడం, నేర్చుకున్న శుభ్రత మరవడం, ఊరికే తిరగడం లేదా అసలు కదలకపోవడం, ఉన్నట్టుండి బెదురు పుట్టడం. ఈ ఆరింటినీ వెతికి చూడడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఇంట్లోవాళ్ల కళ్లు చాలు. పది రోజులు ఒక కాగితం మీద రాసి, ఫోనులో రెండు మూడు వీడియోలు తీసి పెట్టుకుంటే డాక్టరు చేతికి సగం పని అయినట్టే. ఆస్పత్రి బల్ల మీద కుక్క భయంతో బిగుసుకుని నిలబడుతుంది, ఇంట్లో చేసేవేవీ అక్కడ చేయదు.

మెదడు జబ్బు అనుకునే ముందు మరో మెట్టు ఉంది. "వయసైపోయింది" అన్న మాట చేసే అతి పెద్ద నష్టం అక్కడే. ఎందుకంటే ఈ లక్షణాలు చూపించే కుక్కల్లో చాలా వాటికి అసలు జబ్బు మెదడులో ఉండదు. నట్టింట్లో తడిపే కుక్కకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, మధుమేహం ఉండొచ్చు, కిడ్నీలు చెడుతూ ఉండొచ్చు. రాత్రంతా తిరిగే కుక్కకు పడుకుంటే తుంటి కీళ్లు సలుపుతూ ఉండొచ్చు. పిలిస్తే పలకనిది చెవిటిదై ఉండొచ్చు. పిల్లవాడి మీద గుర్రుమన్నది కంట్లో శుక్లం వచ్చి, పక్క నుంచి వచ్చిన చెయ్యి కనబడక ఉలిక్కిపడి ఉండొచ్చు. ఒళ్లు బరువెక్కి, బొచ్చు రాలి, మందకొడిగా పడుకునే ల్యాబ్రడార్‌కు థైరాయిడ్ తక్కువై ఉండొచ్చు. దానికి రోజూ వేసే మాత్ర చవకైనదే, కుక్క కొద్ది వారాల్లో తేరుకుంటుంది. మన ఎండకు, మన పిడుదులకు ఎర్లికియా జ్వరం ఏ వయసు కుక్కకైనా వస్తుంది. రక్తపరీక్షతో తెలిసిపోతుంది, మందుకు లొంగుతుంది.

ఆడకుక్క సంగతి విడిగా చెప్పాలి. మన ఇళ్లలో ఆడకుక్కలకు ఆపరేషన్ చేయించేవాళ్లు తక్కువ. అలాంటి కుక్కకు వయసు మళ్లాక, ఎదకు వచ్చి వెళ్లిన కొద్ది వారాలకు, గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. నీళ్లు విపరీతంగా తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, తిండి మానేస్తుంది, మూల చేరి పడుకుంటుంది. కొన్నిసార్లు చీము బయటికి కూడా రాదు, పొట్ట ఉబ్బుతుంది, అంతే. సకాలంలో ఆపరేషన్ చేస్తే బతుకుతుంది. నాలుగు రోజులు "వయసైపోయింది" అనుకుంటూ కూర్చుంటే చనిపోతుంది. చనిపోయాక కూడా వయసు మీద పోయిందనే అనుకుంటారు. ఆ మాట తన తప్పును తానే ఇలా కప్పేసుకుంటుంది.

ఇంకొకటి, ముసలికుక్క ఉన్నట్టుండి ఒక పక్కకు తల వాల్చి, తూలుతూ గుండ్రంగా తిరుగుతూ, కనుగుడ్లు అదేపనిగా అటూ ఇటూ కొట్టుకుంటూ పడిపోతే పక్షవాతం వచ్చింది, ఇక లేవదు అంటారు. చెవి లోపల తూకం నిలిపే వ్యవస్థ ఒక్కసారిగా దెబ్బతినడం వల్ల ఎక్కువసార్లు ఇలా అవుతుంది. చూడడానికి భయంకరంగా ఉంటుంది గాని, చాలా కుక్కలు రెండు మూడు రోజుల్లో తేరుకోవడం మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో మామూలవుతాయి. తల కొంచెం వంగి ఉండిపోవచ్చు. ఈలోగా నీళ్లు తాగించి, పడిపోకుండా పట్టుకునే మనిషి కావాలి. ప్రాణం తీసే సూది ఆ మొదటి రోజే పొడిపించడం దారుణం.

"వయసైపోయింది" అన్న వాదానికి ఒక చీకటి కోణం కూడా ఉంది. ఇంట్లో కుక్కయితే వయసు అంటారు. వీధిలోదైతే, కల్లం దగ్గరదైతే, పిచ్చెక్కిందంటారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కల్లాల దగ్గర కాపలాకు ఉండే కుక్కలు ఏళ్ల తరబడి ఒకే రైతు వెంట ఉంటాయి. వాటిలో ముసలిదొకటి దారి తప్పి, రాత్రంతా ఏడ్చి, తెలిసినవాణ్ణి చూసి పళ్లు చూపిస్తే కర్రలు లేస్తాయి. ఏడుపు అపశకునమని ఒకరు, ముందు కొట్టి చంపండని ఇంకొకరు. శకునం గురించి ఒక్కమాట చాలు. మెదడులో గడియారం చెదిరిన కుక్క రాత్రి మేలుకుని, చీకట్లో తానెక్కడుందో తెలియక ఏడుస్తుంది. ఆ ఏడుపు ఎవరి చావునూ పిలవదు, తోడును పిలుస్తుంది.

రేబిస్ భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. అది వచ్చిన కుక్క బతకదు, అది కరిచిన మనిషికి టీకా పడకపోతే మనిషీ బతకడు. అందుకే రెండింటినీ వేరుచేయడం తెలియాలి. తేడా కాలంలో ఉంది. రేబిస్ రోజుల లెక్కన నడుస్తుంది. లక్షణాలు కనబడిన కుక్క సాధారణంగా పది రోజుల్లోపు చనిపోతుంది. చొంగ కారుతుంది, దవడ వేలాడుతుంది, గొంతు మారుతుంది, కాళ్లు పడిపోతాయి. మతి తప్పే జబ్బు నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా ముదురుతుంది. సంక్రాంతికి మొదలై ఉగాది దాటినా తిని తిరుగుతున్న కుక్కకు ఉన్నది రేబిస్ కాదు. టీకా వేయించని కుక్క రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా మారిందంటే మాత్రం నోటి దగ్గర చెయ్యి పెట్టకండి, కట్టడి చేసి డాక్టరును పిలవండి. ఏ కుక్క కరిచినా, గీరినా పావుగంట సేపు సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడిగి ప్రభుత్వాస్పత్రిలో టీకా వేయించుకోవాలి. ఏటా టీకా వేయించిన ముసలికుక్కకు ఈ అనుమానం చాలావరకు తీరిపోతుంది. దాని ప్రాణాన్ని కర్రల నుంచి కాపాడేది ఆ టీకా కార్డే.

ఇప్పుడు "మందు లేదు" అన్న మాటకు వద్దాం. పూర్తిగా నయం చేసే మందు లేదు. నిజమే. మనుషుల్లో మధుమేహానికీ లేదు, రక్తపోటుకూ లేదు. అయినా ఎవరూ మాత్రలు మానేయడం లేదు. కుక్కల మతి తప్పుదలకు సెలెజిలిన్ అనే మందును అమెరికా ఔషధ సంస్థ 1998లోనే ఆమోదించింది. మనుషుల పార్కిన్సన్ వ్యాధికి వాడే మందే అది. రోజూ పొద్దున ఒకసారి, కుక్క బరువును బట్టి ఇస్తారు. గుణం కనబడడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. అన్ని కుక్కలకూ పనిచేయదు, పనిచేసినవాటిలో నిద్ర, గుర్తుపట్టడం మెరుగవుతాయి. డాక్టరు రాయకుండా మందుల షాపులో అడిగి వేయకండి. మన ప్రాంతానికి ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. పిడుదులకు నీళ్లలో కలిపి కుక్కల ఒంటికీ గేదెల ఒంటికీ పూసే అమిట్రాజ్ ఈ మందుతో పడదు. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ కూడా పడదు. ఇంట్లో వాడుతున్నవన్నీ డాక్టరుకు చెప్పి తీరాలి. ఆ మాటకొస్తే, కీళ్లనొప్పికి మనం మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలను కుక్క నోట్లో వేయడం మానండి. వాటితో దాని కడుపు పుండై, కిడ్నీలు పాడవుతాయి. కుక్కలకు సరిపోయే నొప్పి మందులు వేరే ఉన్నాయి.

మందు కంటే నన్ను ఎక్కువగా కదిలించినది టొరంటో, కాలిఫోర్నియా పరిశోధకులు ముసలి బీగిల్ కుక్కల మీద రెండున్నరేళ్లకు పైగా నడిపి, 2005లో వెల్లడించిన పరిశీలన. కుక్కలను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు విటమిన్లు, ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాలు చేర్చిన తిండి పెట్టారు. ఇంకో గుంపుకు తోడు కుక్కను, ఆటవస్తువులను ఇచ్చి, వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాల చొప్పున బయట నడిపించి, బుర్రకు పని చెప్పారు. మూడో గుంపుకు రెండూ ఇచ్చారు. నాలుగో గుంపుకు ఏదీ లేదు. ఏదో ఒకటి దక్కిన కుక్కలు ఏదీ లేనివాటి కంటే మెరుగ్గా ఉన్నాయి, రెండూ దక్కినవి అన్నిటి కంటే బాగున్నాయి. వారానికి రెండు నడకలు! దీనికి ఏ కార్పొరేట్ ఆస్పత్రి కావాలి? 2022లో అమెరికాలో పదిహేను వేలకు పైగా కుక్కల యజమానులను అడిగి చేసిన అధ్యయనంలో, వయసు తదితర తేడాలను పక్కకు తీసి చూసినా, కదలకుండా పడుండే కుక్కల్లో ఈ జబ్బు ఉండే అవకాశం చురుగ్గా తిరిగే కుక్కల కంటే ఆరు రెట్లకు పైగా తేలింది. జబ్బు వల్లనే కదలిక తగ్గి ఉండొచ్చని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. ఆ సందేహాన్ని నేనూ ఒప్పుకుంటాను. కానీ నడిపిస్తే నష్టం లేదు, నడిపించకపోతే లాభం లేదు.

కాబట్టి "మనుషులకే దిక్కులేదు" అన్న వాదన ఇక్కడ నిలవదు. ఈ జబ్బుకు చేయవలసిన సేవలో ఎక్కువ భాగానికి డబ్బు ఖర్చు కాదు, మన అలవాట్లు మారితే చాలు. తెల్లవారుజామున, ఎండ ఎక్కక ముందే, కాలువ గట్టునో వీధి చివరి దాకానో మెల్లగా తిప్పండి. మే నెలలో మా వైపు ఎండ 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. ముసలికుక్కను ఎనిమిది తర్వాత బయటికి తేకండి. నడకలో లాక్కుపోకండి. ప్రతి స్తంభాన్నీ ప్రతి గడ్డిపోచనూ వాసన చూడనివ్వండి. చూపు, వినికిడి తగ్గిన కుక్కకు లోకంతో మిగిలే గట్టి లంకె ముక్కే. అన్నం ముద్దల్లో రెంటిని పాత తువ్వాలు మడతల్లో దాచి వెతుక్కోనివ్వండి. అయిదు నిమిషాల ఆటకు దాని మెదడు పనిచేస్తుంది. గ్రానైట్ నేల మీద ముసలి కాళ్లు జారతాయి. అది నడిచే దారిలో గోనెపట్టాలు పరవండి. గిన్నె, నీళ్ల తొట్టి, పడక ఎక్కడివక్కడ ఉంచండి, సోఫా జరపకండి. పడుకునే ముందు ఆఖరిసారి బయటికి తీసుకెళ్లి, అది పడుకునే చోట జీరో బల్బు వెలిగించండి. చీకటి తగ్గితే సగం ఏడుపు తగ్గుతుంది. నీళ్ల సంపు మూత, మెట్ల మొదలు, గేటు సందు చూసుకోండి. దారి తప్పిన కుక్క హైవే మీదికి వెళ్తే తిరిగి రాదు. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవేనే మునిగినట్టు మళ్లీ మునిగి ఇల్లు వదలాల్సి వస్తే, కుక్కతో పాటు అది పడుకునే పట్టాను ఉతక్కుండా తీసుకెళ్లండి. కొత్త చోట దానికి తెలిసినది ఆ వాసన ఒక్కటే.

కొబ్బరినూనె తాగిస్తే మతి తిరిగొస్తుందని ఈమధ్య కొందరు చెబుతున్నారు. పరిశోధనల్లో పనిచేసినవి మధ్యస్థ గొలుసు కొవ్వులు కొలతగా కలిపిన ప్రత్యేక ఆహారాలు. అలసిన మెదడుకు చక్కెర బదులు ఇంకో ఇంధనం అందించడం వాటి పని. వంటింటి కొబ్బరినూనె ఆ ప్రత్యేక ఆహారాలకు బదులు కాదు. గరిటెలతో పోస్తే విరేచనాలు, క్లోమం వాపు రావచ్చు. ఆశ మంచిదే. దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఈ సేవలేవీ చేయకుండా, చేయలేమని ఒక రాత్రి కారెక్కించి హైవే దాబాల దగ్గర వదిలేసి వచ్చేవాళ్లున్నారు. అక్కడైతే ఎవరో ఒకరు తిండి పడేస్తారు, బతుకుతుందని అంటారు. తలుపు తెరుచుకునే వైపు ఏదో తెలియని ప్రాణి లారీల మధ్య ఎలా బతుకుతుంది? జంతు హింస నిరోధక చట్టం 1960 నాటిది. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును కారణం లేకుండా వదిలేయడం ఆ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ఆ చట్టంలో మొదటి తప్పుకు రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ అంకె చూసి నేరం చిన్నదనుకోకండి.

ప్రశాంతంగా ప్రాణం తీయించడాన్ని నేను వ్యతిరేకించను. తినదు, తాగదు, ఎవరినీ గుర్తుపట్టదు, పగలూ రాత్రీ భయంతో వణుకుతుంది, మందు పట్టదు, బాగున్న రోజుల కంటే బాధపడే రోజులే ఎక్కువయ్యాయి. అప్పుడు డాక్టరు ముందు మత్తిచ్చి, నొప్పి తెలియకుండా పంపడం దయ. కానీ ఆ నిర్ణయం రక్తపరీక్ష చేయించాక, కీళ్లనొప్పికి మందు వాడి చూశాక, రెండు నెలలు ప్రయత్నించాక తీసుకోవాలి. మన నిద్ర చెడిందని తీసుకోకూడదు. నిద్ర చెడడం చిన్న కష్టమని నేననను. ఆ ఇంట్లో బాబాయిగారు నెలల తరబడి పడ్డ అవస్థ చూశాను. అందుకే చెబుతున్నాను, ఆ రాత్రి తిరుగుడు తగ్గించడానికి మందులున్నాయి. కుక్క నిద్రపోతే ఇల్లూ నిద్రపోతుంది.

పశువైద్యులకు కూడా ఒక మాట. నందిగామ, జగ్గయ్యపేట మండలాల ఆస్పత్రుల్లో మీ ముందు క్యూలో నిలబడేవి పాడి గేదెలు, గొర్రెలు. ఒక రైతు ఇంటి బతుకు ఆ గేదె మీద ఉంటుంది, దానికే మీరు ముందు చెయ్యి వేయాలి. ముసలి పమేరియన్‌కు గంట సమయం ఇవ్వమని ఎవరూ అడగరు. పరీక్షలు ఎక్కువ కావాలంటే బెజవాడకో, గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకో రాసి పంపండి, వెళ్తారు. పంపకుండా "వయసు" అని తిప్పి పంపడమే వద్దు. మీ నోటి నుంచి వచ్చిన ఆ మాటను ఇంటివాళ్లు వేదంగా తీసుకుంటారు, ఆ తర్వాత ఇంకెక్కడికీ వెళ్లరు.

ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద జరిపే జూనోసిస్ దినం నాడు, పశువుల ఆస్పత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. ఎప్పుడూ ఆస్పత్రి గడప తొక్కని కుక్కలు కూడా ఆ ఒక్క రోజు గొలుసులతో వస్తాయి. ఆ రోజు సూది వేసేటప్పుడు ఏడేళ్లు దాటిన ప్రతి కుక్క యజమానినీ అడగండి. ఇంట్లో దారి తప్పుతోందా? మీతో తీరు మారిందా? రాత్రి నిద్రపోతోందా? లోపల తడుపుతోందా? తిరుగుడు పెరిగిందా, తగ్గిందా? కొత్తగా భయపడుతోందా? ఒక్కదానికి అవునన్నా టీకా కార్డు వెనక రాసి, రక్తపరీక్షకు మళ్లీ ఫలానా రోజు రమ్మని చెప్పండి. యజమానులారా, డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. "వయసైపోయిందేమో" అని మొదలుపెట్టకుండా, ఎప్పటి నుంచి ఏమేం మారిందో వరసగా చెప్పండి.